బలహీన బంధం బలమెంత?

సిప్రోఫ్లాక్ససిన్ అనే మందు పేరు వినని ఇల్లు మన దగ్గర తక్కువే. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, కొన్ని రకాల విరేచనాలు పట్టుకున్నా డాక్టర్లు ఎన్నో ఏళ్ళుగా రాస్తున్న మాత్ర అది. దాన్ని ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త చెబుతారు. పాలతో వేసుకోవద్దంటారు. కడుపుమంటకు తాగే యాంటాసిడ్‌తో కలిపి వేసుకోవద్దంటారు. ఐరన్ మాత్రకూ దీనికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలంటారు. ఎందుకని? పాలలో కాల్షియం ఉంది. యాంటాసిడ్‌లో మెగ్నీషియం, అల్యూమినియం ఉంటాయి. ఐరన్ మాత్రలో ఇనుము ఉంది. ఇవన్నీ ఆ మందును కడుపులోనే పట్టుకుంటాయి. అలా పట్టుబడ్డ మందు పేగు గోడ దాటి రక్తంలోకి సరిగా చేరదు. ఒక్క విషయం గమనించండి. ఇక్కడ మందు విరిగిపోలేదు. అందులోని ఒక్క పరమాణువు కూడా ఊడిపోలేదు. దానిమీద ఒక పట్టు మాత్రం పడింది. పరిస్థితి మారితే వదిలిపోయే పట్టే అది. అయినా వైద్యాన్ని దెబ్బతీయడానికి సరిపోయింది. ఈ పట్టును రసాయన శాస్త్రంలో లూయీ ఆమ్లానికీ లూయీ క్షారానికీ మధ్య ఆకర్షణ అంటారు. దాని బలం ఎంత అన్నదే ఈనాటి ప్రసంగం. నేను చెప్పదలచుకున్నది ఒక్క మాట. ఇలాంటి బంధానికి ఎక్కడైనా చెల్లే ఒకే అంకె లేదు. ఎవరితో? ఎక్కడ? ఎవరికి పోటీగా? ఈ మూడూ అడిగితేనే దాని బలం తెలుస్తుంది. ఈ మూడు ప్రశ్నలూ సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతానికి చాలా దగ్గరివి. అక్కడి రియాక్టర్లలోనూ ఇవే ప్రశ్నలు. అక్కడి వాగుల్లోనూ ఇవే ప్రశ్నలు.

ముందు మాటల అర్థం చూద్దాం. ఆమ్లం అనగానే మనకు పులుపు గుర్తొస్తుంది. నిమ్మరసం, చింతపండు గుర్తొస్తాయి. బడిలో ఇంకొంచెం ముందుకు వెళ్ళి, హైడ్రోజన్ అయాన్‌ను ఇచ్చేది ఆమ్లం అని నేర్చుకుంటాం. 1923లో అమెరికా శాస్త్రవేత్త గిల్బర్ట్ న్యూటన్ లూయీ ఈ ఆలోచనను ఇంకా విశాలం చేశాడు. ఒక ఎలక్ట్రాన్ జంటను పుచ్చుకోగలిగినది ఆమ్లం అన్నాడు. ఆ జంటను ఇవ్వగలిగినది క్షారం అన్నాడు. ఇక పులుపుతో పని లేదు. హైడ్రోజన్ ఉండి తీరాలన్న షరతు కూడా లేదు. మెగ్నీషియం, కాల్షియం, ఇనుము, అల్యూమినియం అయాన్లు ఎలక్ట్రాన్ల కొరతతో ఉంటాయి. కాబట్టి అవి లూయీ ఆమ్లాలు. నీటిలోని ఆక్సిజన్ దగ్గరా, అమ్మోనియాలోని నైట్రోజన్ దగ్గరా బంధంలో చిక్కుకోని ఎలక్ట్రాన్ జంటలు ఉన్నాయి. కాబట్టి అవి లూయీ క్షారాలు. పుచ్చుకునేది ఆమ్లం, ఇచ్చేది క్షారం. ఇంతే సూత్రం. బొల్లారంలోనో, గడ్డపోతారంలోనో, జిన్నారంలోనో బల్క్ డ్రగ్ పరిశ్రమలో పనిచేసేవారికి ఈ జంటలు కొత్త కాదు. బోరాన్ ట్రైఫ్లోరైడ్ విడిగా అయితే ఊపిరి తీసే ఘాటు వాయువు. దాన్ని ఈథర్‌తో జతకట్టిస్తే డ్రమ్ములో పోసుకోగలిగిన ద్రవం అవుతుంది. బోరాన్ పుచ్చుకుంది, ఈథర్‌లోని ఆక్సిజన్ ఇచ్చింది. అల్యూమినియం క్లోరైడ్‌తో ఒక కీటోన్ తయారు చేశారనుకుందాం. తయారైన కీటోన్ వెళ్ళి ఆ అల్యూమినియాన్నే పట్టుకుంటుంది. అందుకే అక్కడ అల్యూమినియం క్లోరైడ్ చిటికెడు వేస్తే చాలదు, మోలుకు మోలు పైనే వేయాలి. చివర చన్నీళ్ళలో క్వెంచ్ చేస్తారు. నీటిలోని ఆక్సిజన్ అల్యూమినియాన్ని తనవైపు లాక్కుంటుంది. అప్పుడు గానీ సరుకు విడివడదు. పట్టు బలం ఎంత అన్నది పోటీకి ఎవరు వచ్చారన్నదాన్ని బట్టి ఉంటుందని ఆ షిఫ్టులో ఉన్న కెమిస్టుకు చేతిపని ద్వారానే తెలుసు.

ఇప్పుడు బలం కొలత దగ్గరికి వద్దాం. అంకెలు తక్కువగా చెబుతాను, నాలుగే. రెండు కార్బన్ పరమాణువులు ఎలక్ట్రాన్లను సమానంగా పంచుకుంటే ఏర్పడేది సమయోజనీయ బంధం. దాన్ని తెంచాలంటే ఒక మోల్‌కు సుమారు 80 కిలోకేలరీలు కావాలి. నీటి అణువుల మధ్య, ఒకదాని హైడ్రోజన్ పుచ్చుకునేదిగా, ఇంకోదాని ఆక్సిజన్ ఇచ్చేదిగా ఉండే హైడ్రోజన్ బంధానికి సుమారు 5 కిలోకేలరీలు చాలు. మామూలు గది వేడిలో అణువులు ఊరికే కదులుతూ గుద్దుకుంటూ ఉండే శక్తి సుమారు 0.6 కిలోకేలరీ. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి గట్టిది, ఒకటి బలహీనమైనది అనిపిస్తుంది. అలా అనిపించడం సహజమే. అసలు సంగతి నాలుగో అంకెలో ఉంది. గది వేడిలో రెండు పట్లకు మధ్య 1.4 కిలోకేలరీల తేడా వచ్చిందనుకోండి. అంతమాత్రానికే పట్టుబడినవాటికీ విడిగా ఉన్నవాటికీ మధ్య నిష్పత్తి పది రెట్లు మారుతుంది. ఇంకో 1.4 చేరితే నూరు రెట్లు. మళ్ళీ చెబుతున్నాను. తేడా చిన్నది, ఫలితం మాత్రం పదుల, వందల రెట్లు. గట్టి బంధాల లోకంలో లెక్కకు రాని ఈ చిన్న తేడాయే బలహీన బంధాల లోకంలో తీర్పు చెబుతుంది. పైగా ఇవి ఒంటరిగా పనిచేయవు. మన ఊళ్ళలో పాత చీరలతో కుట్టే బొంతను తలచుకోండి. ఒక్క కుట్టు గట్టిగా లాగితే తెగుతుంది. బొంత మాత్రం ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కావాలంటే ఒక చివర నుంచి విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు కూడా. శరీరంలో ప్రొటీన్ల మడతలూ, డీఎన్ఏ పోగుల జోడింపూ నిలిచేది ఇలాంటి పట్ల మీదే. నిలవాలి, అవసరమైనప్పుడు విడిపోవాలి. జీవానికి ఈ రెండూ కావాలి. గట్టి బంధం నిలుస్తుంది గానీ అంత తేలిగ్గా విడిపోదు. ఆ పని బలహీన బంధమే చేయగలదు.

ఎక్కడ అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక అందమైన ఉదాహరణ ఉంది. పటాన్‌చెరు పరిశ్రమల్లో బాగా వాడే సాల్వెంట్లలో ఎసిటోనైట్రైల్ ఒకటి. దానిలోని నైట్రోజన్ ఎలక్ట్రాన్లను ఇవ్వగలదు. ఇందాక చెప్పుకున్న బోరాన్ ట్రైఫ్లోరైడ్ పుచ్చుకోగలదు. ఈ రెండు అణువులూ చుట్టూ ఎవరూ లేకుండా, వాయువులో ఒక జంటగా ఉన్నప్పుడు బోరాన్‌కూ నైట్రోజన్‌కూ మధ్య దూరం ఎంతో కొలిచారు. అమెరికాలో కెన్నెత్ లియోపాల్డ్, ఆయన సహచరులు 1990ల ఆరంభంలో మైక్రోవేవ్‌ల సాయంతో చేసిన పని అది. దూరం సుమారు 2 ఆంగ్‌స్ట్రామ్‌లని తేలింది. అంటే ఒకరినొకరు తాకీ తాకనట్టున్నారు. అదే జంట స్ఫటికంలో ఉన్నప్పుడు ఆ దూరం సుమారు 1.6 ఆంగ్‌స్ట్రామ్‌లకు తగ్గిపోతుంది. అంటే నిండు బంధమే. అవే రెండు అణువులు. అదే బోరాన్, అదే నైట్రోజన్. మారింది చుట్టూ ఉన్న గుంపు ఒక్కటే. ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఇలా ఇచ్చిపుచ్చుకునే బంధాన్ని పాఠ్యపుస్తకాలు సమన్వయ సమయోజనీయ బంధం అంటాయి కదా, దాన్ని బలహీన ఆకర్షణల్లో ఎలా చేరుస్తారు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. బోరాన్ ట్రైఫ్లోరైడ్, అమ్మోనియా కలిస్తే ఏర్పడేది నిస్సందేహంగా బంధమే. అదే బోరాన్ ట్రైఫ్లోరైడ్ పక్కకు నైట్రోజన్ వాయువు వస్తే వాటి మధ్య ఉండేది వట్టి ఆకర్షణే. ఈ రెంటి మధ్యలో ఎసిటోనైట్రైల్ ఉంది. అది వాయువులో ఒకవైపు, స్ఫటికంలో ఇంకోవైపు ఒరుగుతుంది. కాబట్టి బలహీన ఆకర్షణకూ బంధానికీ మధ్య గోడ ఏదీ లేదు. ఉన్నది ఒక వాలు. ఒకే జంట పరిస్థితిని బట్టి ఆ వాలు మీద పైకీ కిందికీ జరుగుతుంది. పేరు పెట్టడం కంటే, వాలు మీద ఎక్కడుందో, ఎందుకుందో తెలుసుకోవడమే మనకు ముఖ్యం.

ఇంకో ఆక్షేపణ దీనికంటే బరువైనది. రసాయన శాస్త్రవేత్తలు లూయీ క్షారాల బలానికి కొలమానాలు తయారు చేశారు కదా అని అడగవచ్చు. నిజమే, చేశారు. ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ గుట్‌మన్ సాల్వెంట్లకు దాత సంఖ్యలు ఇచ్చాడు. ఆయన కొలిచిందేమిటంటే, ప్రతి సాల్వెంటూ యాంటిమొనీ పెంటాక్లోరైడ్ అనే ఒక ఆమ్లాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందని. వేరేవాళ్ళు బోరాన్ ట్రైఫ్లోరైడ్‌ను ప్రమాణంగా పెట్టుకుని ఇంకో కొలమానం కట్టారు. ఇవి పనికొచ్చే కొలతలే. ఏ చర్యకు ఏ సాల్వెంట్ వాడాలో నిర్ణయించడంలో నేటికీ సాయపడుతున్నాయి. అయితే ఆ అంకెను ప్రమాణంగా తీసుకున్న ఆమ్లం నుంచి విడదీసి చూస్తే పొరబడతాం. దీన్ని రసాయన శాస్త్రవేత్త రసెల్ డ్రాగో పని స్పష్టంగా చూపించింది. రెండు క్షారాలను తీసుకోండి. ఒకటి ఆక్సిజన్ ఉన్న ఈథర్. ఇంకొకటి అదే ఆకారంలో, ఆక్సిజన్ బదులు గంధకం ఉన్న సల్ఫైడ్. ఫినాల్ అనే ఆమ్లం ముందు పెడితే ఈథరే గట్టిగా పట్టుకుంటుంది. అయోడిన్ ముందు పెడితే సల్ఫైడ్ గట్టిగా పట్టుకుంటుంది. ఆమ్లం మారగానే వరుస తలకిందులైంది. మరి ఈ రెంటిలో బలమైన క్షారం ఏది? ఎవరి ముందు అన్నది చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. 1963లో రసాయన శాస్త్రవేత్త రాల్ఫ్ పియర్సన్ దీనికి ఒక సులువైన దారి చూపాడు. కొన్ని ఆమ్లాలు కఠినం, కొన్ని మృదువు. క్షారాలూ అంతే. కఠినమైనది కఠినమైనదాన్ని, మృదువైనది మృదువైనదాన్ని ఎంచుకుంటుంది అన్నాడు. మెగ్నీషియం, అల్యూమినియం కఠినమైనవి. అవి ఆక్సిజన్‌ను కోరుకుంటాయి. పాదరసం మృదువైనది. అది గంధకాన్ని కోరుకుంటుంది. కొలమానాలు తప్పు అని నేననడం లేదు. ప్రతి కొలమానం వెనుక ఒక జంట ఉంది, ఆ జంటను మరచిపోవద్దు అంటున్నాను.

ఈ బలహీన పట్లను లోకమంతటికీ నేర్పిన చోట్లలో ఒకటి మన దగ్గరే ఉంది. పటాన్‌చెరుకు దగ్గర్లోనే, గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం. అక్కడ 1979 నుంచి మూడు దశాబ్దాలు పనిచేసిన గౌతమ్ దేశిరాజు, అణువులు స్ఫటికంగా పేర్చుకునేటప్పుడు ఏ పట్లు ఏ వరుసలో పడతాయో చదివి, కావలసిన స్ఫటికాన్ని ముందే ఆలోచించి కట్టవచ్చని చూపారు. స్ఫటికాల ఇంజినీరింగ్ మీద ఆయన 1989లో రాసిన పుస్తకం ఆ రంగానికి పునాదుల్లో ఒకటి. హైడ్రోజన్ బంధానికి అంతర్జాతీయ రసాయన సంఘం 2011లో కొత్త నిర్వచనం ఇచ్చినప్పుడు ఆ బృందానికి బెంగళూరు శాస్త్రవేత్త అరుణన్ నాయకత్వం వహించారు. 2013లో హాలోజన్ బంధం నిర్వచనాన్ని రూపొందించిన బృందంలో దేశిరాజు ఉన్నారు. అయోడిన్, బ్రోమిన్ వంటివి తమ కొసన ఎలక్ట్రాన్ల కొరత ఉన్నచోట క్షారాన్ని ఆకర్షించడమే హాలోజన్ బంధం. ఆ రెండు నిర్వచనాల్లోనూ, ఇన్ని కిలోకేలరీలు ఉంటేనే బంధం అనే గీత గీయలేదు. ఈ చదువు మందుల తయారీకి ఎంత అవసరమో 1998లో లోకం చూసింది. హెచ్ఐవీ రోగులకు ఇచ్చే రిటొనవిర్ అనే మందు అప్పటికే అమ్మకంలో ఉంది. ఉన్నట్టుండి తయారీలో ఇంకో రకం స్ఫటికం కనిపించింది. అణువు అదే. లోపలి గట్టి బంధాలన్నీ అవే. అణువుకూ అణువుకూ మధ్య హైడ్రోజన్ బంధాల అమరిక మాత్రం మారింది. ఆ కొత్త స్ఫటికం సరిగా కరగదు. క్యాప్సూళ్ళను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మన బల్క్ డ్రగ్ పరిశ్రమల్లో సెంట్రీఫ్యూజ్ నుంచి వచ్చిన వెట్ కేక్‌ను డ్రయర్‌లో గంటల తరబడి ఆరబెట్టడం వెనుక కూడా ఇదే కథ ఉంది. డీఎంఎఫ్ వంటి సాల్వెంట్ మందు అణువును హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటుంది. మాత్రలోకి పోయే సరుకులో డీఎంఎఫ్ పది లక్షల భాగాలకు 880 భాగాలు మించకూడదు. ఆ కొద్దిపాటిని వదిలించడానికే వేడి, వాక్యూమ్, ఓపిక కావాలి.

ఇక మళ్ళీ సిప్రోఫ్లాక్ససిన్ దగ్గరికి వద్దాం. మూడు ప్రశ్నలనూ ఒకేసారి దాని మీద పెట్టి చూద్దాం. ఈ అణువులో ఒక మూల రెండు ఆక్సిజన్లు పక్కపక్కన ఉంటాయి. ఒకటి కీటోన్‌ది, ఒకటి కార్బాక్సిలిక్ ఆమ్లానిది. ఆ రెండూ కలిసి ఒక లోహ అయాన్‌ను రెండువైపులా పట్టుకోగలవు. ఇక్కడ మందు లూయీ క్షారం, లోహం లూయీ ఆమ్లం. యాంటాసిడ్‌లోని మెగ్నీషియం కడుపులో ఈ మూలను పట్టుకుంటే మందు ఆగిపోతుంది. ఇదంతా ముందే చెప్పుకున్నాం. ఇప్పుడు బ్యాక్టీరియా లోపలికి వెళ్దాం. బ్యాక్టీరియా తన డీఎన్ఏ మెలికలను సర్దుకోవడానికి గైరేజ్ అనే ఎంజైమ్‌ను వాడుకుంటుంది. సిప్రోఫ్లాక్ససిన్ వెళ్ళి ఆ ఎంజైమ్‌ను డీఎన్ఏ మీదే ఇరికించేస్తుంది. ఆ ఎంజైమ్‌కు మందును అంటిపెట్టేది ఏమిటి? మళ్ళీ మెగ్నీషియమే. మందులోని ఆ రెండు ఆక్సిజన్లు ఒక మెగ్నీషియం అయాన్‌ను పట్టుకుంటాయి. ఆ మెగ్నీషియం చుట్టూ నాలుగు నీటి అణువులు ఉంటాయి. వాటిలో రెండు ఎంజైమ్‌లోని రెండు చోట్లతో హైడ్రోజన్ బంధాలు కడతాయి. మందు, మెగ్నీషియం, నీరు, ఎంజైమ్. ఇదే ఆ వంతెన. 2010 ప్రాంతంలో స్ఫటిక చిత్రాలలో ఈ వంతెన స్పష్టంగా కనిపించింది. అదే మందు, అదే మెగ్నీషియం. కడుపులో అడ్డుపడింది, బ్యాక్టీరియాలో సాయపడింది. ఎక్కడ అన్న ప్రశ్నకు ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి? ఇంకా ముందుకు వెళ్దాం. మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియాలో ఆ వంతెన ఆనుకునే చోట్లలో ఒకటి, గైరేజ్‌లోని 83వ స్థానంలో ఉండే సెరీన్ అనే అమైనో ఆమ్లం. దానికి హైడ్రోజన్ బంధం కట్టే చేయి ఉంది. ఒక చిన్న ఉత్పరివర్తనతో అక్కడికి ల్యూసీన్ వస్తే ఆ చేయి ఉండదు. వంతెన నిలవదు. మందు పట్టు జారుతుంది. మందుకు లొంగని బ్యాక్టీరియా పుట్టుకొస్తుంది. మందును బయటికి తోసేసే పంపుల వంటి ఇతర దారులు కూడా బ్యాక్టీరియాకు ఉన్నాయి, నిజమే. అయినా ఈ ఒక్క మార్పు చాలా చెబుతుంది. ఒకటి రెండు హైడ్రోజన్ బంధాలు పోతే ఒక యాంటీబయాటిక్ ఓడిపోగలదు.

ఈ సిప్రోఫ్లాక్ససిన్ కథలో పటాన్‌చెరు పేరు లోకమంతటా వినబడింది. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన లార్సన్, సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రానికి అప్పట్లో సుమారు 90 మందుల తయారీ యూనిట్ల వ్యర్థజలం చేరేది. శుద్ధి అయ్యాక అక్కడి నుంచి బయటికి వచ్చే నీటిని వారు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకూ సిప్రోఫ్లాక్ససిన్ కనిపించింది. ఈ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేది లీటరుకు కొద్ది మిల్లీగ్రాములే. అంటే రోగి రక్తంలో కంటే ఆ నీటిలోనే మందు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ నీరు అప్పట్లో ఇసకవాగు, నక్కవాగుల్లోకి చేరేది. నక్కవాగు పోయి మంజీరలో కలుస్తుంది. ఇక్కడ మన మూడు ప్రశ్నలు మళ్ళీ వేద్దాం. వాగులోకి చేరిన మందు ఎవరితో జతకడుతుంది? వాగు అడుగున మట్టి ఉంది. ఆ మట్టిలో బంకరేణువులు ఉన్నాయి. ఎర్రనేలకు ఆ రంగునిచ్చే ఇనుప ఆక్సైడ్లు ఉన్నాయి. అల్యూమినియం, కాల్షియం ఉన్నాయి. అన్నీ కఠినమైన లూయీ ఆమ్లాలే. మందులోని ఆ రెండు ఆక్సిజన్లు వాటిని పట్టుకుంటాయి. అందుకే ఈ కుటుంబపు మందులు నీటితోపాటు పూర్తిగా కొట్టుకుపోవు. అడుగు బురదలో నిలుస్తాయి. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో కూడా ఇంతే. నీటిలో మందు తగ్గిందని లెక్క చెబుతుంది. అందులో ఎక్కువ భాగం స్లడ్జ్‌కు, అంటే శుద్ధిలో మిగిలే మడ్డికి, అంటుకుని ఉంటుంది. నీటి నుంచి పోవడం వేరు, లేకుండా పోవడం వేరు. ఈ మాట ఇంకోసారి చెప్పడం అవసరం. బలహీన బంధం మందు ఎక్కడ ఉండాలో నిర్ణయిస్తుంది. మందు ఉండాలో వద్దో నిర్ణయించేది గట్టి బంధం. దాన్ని తెంచితేనే మందు నశిస్తుంది.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. దాన్ని దాటవేయకూడదు. మట్టి పట్టుకున్న మందు బ్యాక్టీరియాకు అందదు కదా, కడుపులో కాల్షియం పట్టుకున్నట్టే కదా, ఇక ప్రమాదమేముంది అని అడగవచ్చు. ఇందులో సగం నిజముంది. మట్టికి అంటిన మందు శక్తి తగ్గుతుంది. ఆ పట్టు లేకపోతే నష్టం ఇంకా ఎక్కువ ఉండేది. కానీ ఇది విడిపోగలిగిన పట్టు. పట్టుబడిన మందుకూ నీటిలో విడిగా ఉన్న మందుకూ మధ్య ఎప్పుడూ ఒక తూకం ఉంటుంది. నీటిలో ఉన్నది కొట్టుకుపోతే మట్టి నుంచి ఇంకొంత వదులుతుంది. ఆమ్లత మారినా, లవణాలు మారినా, వరదకు బురద కదిలినా ఆ తూకం మారుతుంది. ఇందాక అనుకున్నాం, 1.4 కిలోకేలరీల తేడా చాలు, పట్టు పది రెట్లు మారడానికి. కాబట్టి మట్టిని శాశ్వతమైన తాళంగా భావించలేం. అది గిడ్డంగి. అందులోకి సరుకు వస్తుంది, అందులోంచి పోతుంది. బ్యాక్టీరియా చచ్చేంత మోతాదు అందకపోయినా, లొంగనివాటికి మేలు జరిగేంత మోతాదు అందితే చాలు, నిరోధకత పెరగడానికి. సాక్ష్యం కూడా దీనినే బలపరుస్తోంది. పటాన్‌చెరు ప్రాంతపు వాగుల అడుగు మట్టి నుంచి డీఎన్ఏ తీసి చదివిన పరిశోధన 2011లో వచ్చింది. శుద్ధి కేంద్రానికి దిగువన యాంటీబయాటిక్ నిరోధక జన్యువులు పెద్ద ఎత్తున కనిపించాయి. వాటితోపాటు, ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకో బ్యాక్టీరియాకు జన్యువులను మోసే భాగాలూ కనిపించాయి. అదే ప్రాంతంలోని కాజిపల్లి చెరువు మీద 2014లో వచ్చిన పరిశోధనలోనూ అలాంటి జన్యువులు అనేక రకాలు బయటపడ్డాయి. మట్టి పట్టుకుంది గనుక మందు పనిచేయడం లేదన్న వాదన నిజమైతే, ఆ మట్టిలో, ఆ చెరువులో అన్ని జన్యువులు పోగుపడవలసిన పని లేదు.

మరి ఏం చేయాలి? వాదన నుంచే జవాబు వస్తుంది. మొదటిది, యాంటీబయాటిక్ ఉన్న వ్యర్థాన్ని పుట్టినచోటే, ఇతర వ్యర్థాలతో కలవకముందే వేరుగా పట్టుకోవాలి. తొంభై రకాల వ్యర్థాలు ఒకచోట కలిశాక అందులో ఎన్నో లూయీ ఆమ్లాలు, ఎన్నో క్షారాలు ఉంటాయి. ఎవరు ఎవరిని పట్టుకున్నారో చెప్పడం కష్టం, వదిలించడం ఇంకా కష్టం. ఒకే బ్యాచ్ మదర్ లిక్కర్‌లో, అంటే సరుకు తీశాక మిగిలే ద్రవంలో అయితే ఏ అణువు ఉందో, ఎంత ఉందో ఫ్యాక్టరీకి తెలుసు. అక్కడే ఓజోన్ వంటి ఆక్సీకారులతోనో, తగినంత వేడిలో దహనంతోనో గట్టి బంధాలను తెంచాలి. రెండోది, నీటిని ఆవిరి చేసి బయటికి చుక్క వదలని పద్ధతి చాలా ఫ్యాక్టరీలు పెట్టుకున్నాయి. అది మంచి అడుగే. అయితే నీరు పోయాక ఘనరూపంలో లవణం మిగులుతుంది. స్లడ్జ్ మిగులుతుంది. అందులో మందు ఎంతుందో కొలవకపోతే సమస్యను వాగు నుంచి తీసి గుట్టగా పోసినట్టే అవుతుంది. మూడోది, హద్దులు. బల్క్ డ్రగ్ పరిశ్రమల వ్యర్థజలంలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా విడుదల చేసింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. ఖర్చు పెరిగితే పోటీలో వెనకబడతామని పరిశ్రమ అంటుంది. ఆ మాటను తేలిగ్గా తీసుకోలేం. ఈ ప్రాంతంలో వేల కుటుంబాలు ఆ పరిశ్రమ మీద బతుకుతున్నాయి. ఇక్కడ తయారయ్యే చవక మందులు లోకమంతా రోగులను కాపాడుతున్నాయి. కానీ యాంటీబయాటిక్ పనిచేయకుండా పోతే దాన్ని తయారుచేసే పరిశ్రమకు కూడా సరుకు మిగలదు. హద్దులు పెట్టడం ఆ పరిశ్రమ భవిష్యత్తుకే మేలు. ఆ హద్దులు నీటికి మాత్రమే కాక, బురదకూ స్లడ్జ్‌కూ కూడా ఉండాలి. ఎందుకంటే ఈ మందు ఎక్కువగా ఉండేది అక్కడే.

శ్రోతలారా, ఇంతసేపూ చెప్పిన దాన్ని కొద్ది మాటల్లో మళ్ళీ చెప్పుకుందాం. లూయీ ఆమ్లానికీ క్షారానికీ మధ్య ఉండే పట్టును బలహీనం అని ఒక్క మాటతో పక్కన పెట్టలేం. ఎవరితో అన్నది మారితే వరుస తారుమారవుతుంది, ఈథర్, సల్ఫైడ్ చూపినట్టు. ఎక్కడ అన్నది మారితే దూరమే మారిపోతుంది, ఎసిటోనైట్రైల్ చూపినట్టు. పోటీకి ఎవరు వచ్చారన్నది మారితే పట్టు వదిలిపోతుంది, క్వెంచ్ నీళ్ళు చూపినట్టు. సిప్రోఫ్లాక్ససిన్ ఈ మూడింటినీ ఒక్కచోట చూపింది. రసాయన శాస్త్రం చదివే పిల్లలకు నా విన్నపం ఒకటి. పరీక్షలో హైడ్రోజన్ బంధం బలం ఎంత అని అడిగితే అంకె రాయండి, తప్పదు. దాని పక్కనే, ఏ జంటకు, ఏ పరిస్థితిలో అన్నది కూడా రాయండి. మీలో కొందరు రేపు కందిలోని ఐఐటీలోనో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనో చదువుతారు. కొందరు పాశమైలారంలో, బొంతపల్లిలో షిఫ్టు కెమిస్టులవుతారు. కొందరు కాలుష్య నియంత్రణ మండలిలో అధికారులవుతారు. మీ చేతికి ఒక శుద్ధి నివేదిక వస్తుంది. నీటిలో మందు తగ్గింది అని అందులో రాసి ఉంటుంది. అక్కడితో ఆగకండి. అది తెగిపోయి నశించిందా, లేక ఇంకోచోట పట్టుబడి ఉందా అని అడగండి. పట్టుబడి ఉంటే ఎక్కడ ఉందో, ఎప్పుడు వదులుతుందో అడగండి. జవాబు అంకెల్లో వచ్చేదాకా సంతకం పెట్టకండి. ఆ ప్రశ్న అడిగే హక్కు నక్కవాగు పక్కన పొలం ఉన్న రైతుకూ ఉంది, మంజీర నీళ్ళ మీద ఆధారపడ్డ ఊరికీ ఉంది. జవాబు చెప్పగలిగిన శాస్త్రం మన దగ్గరే ఉంది, దాన్ని పనిలో పెట్టడమే మిగిలింది.